టోక్యోలో ఒక ఆటోనగర్

ఊరి నుంచి ఎవరొచ్చినా ఫుజి కొండ చూపించమంటారు. లేదంటే బుల్లెట్ ట్రైన్ ఎక్కించమంటారు. మా నాన్న మాత్రం హనెదా ఎయిర్‌పోర్టులో సూట్‌కేసు ట్రాలీ మీద పెట్టకముందే అడిగాడు, "హినో ఇక్కడికి ఎంత దూరంరా?" అని.

నాన్న దృష్టిలో హినో అంటే ఊరు కాదు, ఇంజన్. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై నాలుగేళ్ళు బోరింగ్ షాపు నడిపాడు. అశోక్ లేలాండ్ వాళ్ళు 1980లలో జపాన్ హినో కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ ఇంజన్లు మన దేశంలో తయారు చేయడం మొదలెట్టారు. లారీల వాళ్ళకి ఆ ఇంజన్ పేరే హినో అయిపోయింది. టాటా వాళ్ళది 697. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అందుకే ఆ నంబరు. నేను ఎక్కాల కంటే ముందు నేర్చుకున్న లెక్క అది.

హినో నిజంగానే ఊరు. టోక్యోకి పడమటి వైపు, చూవో లైన్లో ఉంటుంది. మొదటి ఆదివారమే తీసుకెళ్ళాను. స్టేషన్ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగాడు. అమ్మ చుట్టూ చూసి, "ఇక్కడేముందని వచ్చాం?" అంది. చూడ్డానికి నిజంగానే ఏం లేదు. నాన్న ఆ ఫొటోని ఆటోనగర్ గ్రూపులో పెట్టాడు. గంటలో నలభై మెసేజ్‌లు.

ఆయన్ని ఆ నెల రోజులూ ఎక్కడెక్కడ తిప్పానో రాద్దామనే కూర్చున్నా. తీరా చూస్తే గుళ్ళూ గోపురాలూ పెద్దగా గుర్తు లేవు. గుర్తున్నదంతా ఒక ఇంజన్ చుట్టూనే తిరుగుతోంది. ఆ ఇంజన్ నాది కాదు, నాన్నదీ కాదు.

మాది యోకొహామా. నేను పేమెంట్స్ కంపెనీలో బ్యాకెండ్ రాస్తాను. ఇక్కడ నాకు అన్నలాంటి ఆయన ఒకరున్నారు. గుంటూరు మనిషి, జపాన్ వచ్చి పదిహేనేళ్ళు దాటింది. 2012లో, ఇంకా ధరలు మనిషికి అందుబాటులో ఉన్నప్పుడు, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కొన్నాడు. ఆర్33 మోడల్. ఆ కారులో ఉండేది ఆర్‌బీ26 ఇంజన్. 2568 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. కాగితం మీద 280 పీఎస్. అప్పట్లో జపాన్ కంపెనీలన్నీ అంతకు మించి చూపించకూడదని ఒక మాట అనుకున్నాయి. అందుకని ఎంతొచ్చినా అదే రాసేవాళ్ళు.

ఆ 2568 అంకె వెనక కూడా కథ ఉంది. గ్రూప్ ఏ రేసుల్లో టర్బో ఉంటే ఇంజన్ సైజుని 1.7తో గుణించేవాళ్ళు. 2568ని గుణిస్తే 4366 వస్తుంది, అంటే నాలుగున్నర లీటర్ల తరగతిలో ఇమిడిపోతుంది. రేసు రూల్‌బుక్ దగ్గర పెట్టుకుని కొలతలు గీసిన ఇంజన్ అన్నమాట. రేసుల్లో 500 పైన పవర్ తీయడానికి ముందే ప్లాన్ చేసి, బ్లాకుని ఇనుముతో గట్టిగా పోశారు. మనవాళ్ళు దాన్ని 'వెయ్యి హార్స్‌పవర్ ఇంజన్' అని రీల్స్ చేయడానికి కారణం ఆ బ్లాకే. కానీ రీల్స్‌లో చెప్పనిది ఒకటుంది. బ్లాకు తట్టుకుంటుంది నిజమే, మరి దానికి తగిలించినవన్నీ తట్టుకోవాలిగా.

అన్న విషయంలో అదే జరిగింది. నాన్న రావడానికి ఏడాది ముందు కారుని 600 పీఎస్ చేయిద్దామని ఒక షాపుకిచ్చాడు. పేరు వద్దులెండి. కొత్త టర్బోలు, పెద్ద ఇంజెక్టర్లు, క్యామ్‌షాఫ్ట్‌లు, కొత్త ఈసీయూ పడ్డాయి. కొటేషన్‌లో ఆయిల్ పంపు అని ఇంకో లైను కూడా ఉందట. బడ్జెట్ దాటుతోందని అన్నే దాన్ని కొట్టేశాడు. ఆ డబ్బుతో చక్రాలు కొన్నాడు. చాలా బాగుండేవి, బ్రాంజ్ కలర్.

ఫుజి స్పీడ్‌వేలో మెయిన్ స్ట్రెయిట్ దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. నేను పిట్ గోడ దగ్గర ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నా. నాలుగో రౌండులో గేరు మార్చడం కొంచెం ఆలస్యమై ఇంజన్ రెవ్ లిమిటర్‌కి కొట్టుకుంది. ఆర్‌బీ26 ఆయిల్ పంపు లోపలి గేర్లు లోహపు పొడిని అచ్చులో నొక్కి, కాల్చి చేసినవి. మామూలు వాడకంలో ఎన్నేళ్ళయినా ఉంటాయి. లిమిటర్ దగ్గర క్రాంకు అదురుతూ ఉంటే మాత్రం గాజులా పగిలిపోతాయి. పగిలాయి. ఆయిల్ లైటు వెలిగింది. అన్న చూసి ఆపేసరికి ఏడెనిమిది సెకన్లు పట్టింది. ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. సౌండు మారే చోటు నాకు తెలుసు కాబట్టి అక్కడిదాకా ఎప్పుడూ చూడను.

బేరింగులు పోయాయి, క్రాంకు గీసుకుపోయింది, రెండో సిలిండర్ గోడ చెడింది. రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికి రాకపోవడం ఒక్కటే అదృష్టం.

అప్పట్నుంచి కారు గరాజ్‌లో కవరు కింద ఉంది. అమ్మేయమని వదిన. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. అమెరికాలో పాతికేళ్ళు దాటిన కార్లని దిగుమతి చేసుకోనిస్తారు. 1995లో వచ్చిన ఆర్33కి 2020 నుంచి ఆ తలుపు తెరుచుకుంది. ఇంజన్ లేని డొల్లకి కూడా మంచి ధర పలుకుతోంది. ఆ డబ్బుతో గుంటూరులో కట్టే ఇంటి పై అంతస్తు పూర్తవుతుంది. "ఒక్కసారి అవకాశమివ్వు, ఈసారి కూడా పాడైతే నేనే అమ్మేస్తా" అని అన్న వదిన దగ్గర మాట తీసుకున్నాడు. బడ్జెట్ 30 లక్షల యెన్. మన లెక్కలో సుమారు 17 లక్షలు. అంతకు మించి ఒక్క యెన్ కూడా లేదు.

పార్టుల లిస్టు తయారు చేసే పని నాకిచ్చాడు. "నువ్వు స్ప్రెడ్‌షీట్లు బాగా చేస్తావ్" అన్నాడు. నాకు ఇంజన్ గురించి తెలుసనుకుని కాదు, షీట్ గురించి తెలుసనే. నిజానికి నాకు అంతే తెలుసు. బోరింగ్ షాపు ఓనరు కొడుకునే గానీ, ఇంజనీరింగ్‌లో చేరేదాకా నాన్న నన్ను షాపు గేటు దాటనివ్వలేదు. "ఈ నూనె చేతికి పట్టిందంటే వదలదు" అనేవాడు.

రాత్రిళ్ళు కూర్చుని మొదటి షీట్ చేశా. పార్టు, కంపెనీ, ధర, ఎన్ని పీఎస్ దాకా తట్టుకుంటుంది. 600 దగ్గర గీత గీసి, దాని పైన ఉన్నవన్నీ ఏరితే 46 లక్షలైంది. గేర్‌బాక్స్ ఇంకా కలపలేదు. ఆ షీట్‌ని నాన్నకి ఎందుకు చూపించానో తెలీదు. జెట్ ల్యాగ్‌తో తెల్లవారుజామున మూడింటికి ఇద్దరం మేలుకుని ఉన్నాం, మాట్లాడుకోవడానికి ఇంకేం దొరకలేదు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని లాప్‌టాప్‌లో చాలాసేపు చూశాడు.

"ఇందులో టర్బో మొదట రాశావ్. ఆయిల్ పంపు పంతొమ్మిదో లైన్లో ఉంది."

"ఆర్డర్‌దేముంది నాన్నా, సార్ట్ చేస్తే మారిపోతుంది."

"డబ్బులు పైనుంచి కిందికి ఖర్చవుతాయ్ కదరా. కిందకి వచ్చేసరికి ఏం మిగులుద్ది?"

సరిగ్గా అన్న చేసింది అదే. అన్న కథ నాన్నకి అప్పటికింకా చెప్పలేదు.

నిస్సాన్ ఇంజన్ మ్యూజియం యోకొహామాలోనే, షిన్-కొయాసు స్టేషన్ వైపు, వాళ్ళ ఫ్యాక్టరీ దగ్గరే ఉంది. 1934లో కట్టిన బిల్డింగు, ఒకప్పుడు కంపెనీ హెడ్డాఫీసు. టికెట్ లేదు. పెద్ద హడావుడి కూడా లేదు. మేం వెళ్ళిన రోజు మాతో పాటు ఒక స్కూలు పిల్లల బ్యాచ్ తప్ప ఎవరూ లేరు. పాత డాట్సన్ నుంచి రేసు ఇంజన్ల దాకా వరసగా పెట్టారు. ఆర్‌బీ26 దగ్గర నాన్న వంగి, అది వేరే కోణంలో ఉన్నట్టు, కింద నుంచి చూశాడు. "సన్నగా ఉందిరా" అన్నాడు. లారీ ఇంజన్లు చూసిన కళ్ళు మరి.

జీటీ-ఆర్‌లో తర్వాతి తరం ఆర్35. దాని ఇంజన్ని ఒక్కో మనిషి మొదటి నుంచి చివరి దాకా చేత్తో బిగించేవాడు. వాళ్ళని తకుమి అంటారు. బిగించిన మనిషి పేరు ఇంజన్ మీద చిన్న ప్లేటుగా ఉంటుంది. అది ఈ యోకొహామా ఫ్యాక్టరీ పనే. చెప్తే నాన్న తల ఊపాడు. "మేం పేరు కొట్టేవాళ్ళం కాదు. సైజు, తారీకు పంచి పెట్టి కొట్టేవాళ్ళం. ప్లస్ ఇరవై, ప్లస్ ముప్పై. మళ్ళీ ఎప్పుడు తిరిగొచ్చినా మన చేతిదేనని తెలిసిపోద్ది" అన్నాడు. నాకది తెలీదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అసలు చోటు మ్యూజియం కాదు. తామా నది దాటితే టోక్యోలో ఓతా వార్డు వస్తుంది. టూరిస్టు పుస్తకాల్లో దీని పేరు హనెదా ఎయిర్‌పోర్టు ఉన్నందుకే కనిపిస్తుంది. కానీ జపాన్ వాళ్ళకి ఓతా అంటే మాచికోబా, అంటే వీధి కార్ఖానాలు. కింద మిషన్లు, పైన ఇల్లు. 1980లలో ఈ ఒక్క వార్డులోనే 9 వేలకు పైగా ఉండేవట. తర్వాత సగానికి పైగా మూతపడ్డాయి. నిస్సాన్ రేసు విభాగం నిస్మో పాత వర్క్‌షాపు కూడా ఈ పక్కనే, ఒమొరి దగ్గర ఉండేది. 2013లో యోకొహామాలోని త్సురుమికి మారినా పేరు మాత్రం ఒమొరి ఫ్యాక్టరీయే. జీటీ-ఆర్ ఓనర్లు అక్కడికి దణ్ణం పెట్టుకోవడానికి వెళ్ళినట్టు వెళ్తారు. అన్న కూడా ఒకసారి వెళ్ళి, ధర విని, కీచైన్ కొనుక్కుని వచ్చాడు.

అన్న బ్లాకు ఉన్నది ఆ వీధుల్లో ఒక చిన్న షాపులో. బోర్డు తుప్పు పట్టి ఉంది. ఓనర్‌ని అందరూ షాచో అంటారు. 72 ఏళ్ళాయన, ఒక్కడే పని చేస్తాడు. కొడుకు బ్యాంకులో ఉన్నాడట. సందులోకి తిరగ్గానే నాన్న ఆగిపోయాడు. కూలెంట్, కాలిన ఇనుము, గ్రైండింగ్ రాయి కలిసిన వాసన. చిన్నప్పుడు నాన్న చొక్కాకి ఉండేది అదే.

"ఇది ఆటోనగరేరా. కాకపోతే బురద లేదు, కుక్కల్లేవు."

పరిచయాలు నేను చేశా. నాన్నకి జపనీస్ రాదు, షాచోకి అక్షరం ఇంగ్లీషు రాదు. నాన్నది కూడా అదే పని అని చెప్పగానే షాచో ఏం మాట్లాడకుండా బోర్ గేజ్ తీసి నాన్న చేతికిచ్చాడు. నాన్న ప్యాంటుకి చేయి తుడుచుకుని తీసుకున్నాడు. రెండో సిలిండర్లోకి దించి, అటూ ఇటూ ఊపి, ముల్లు ఎక్కడ తిరుగుతుందో చూశాడు. పైన, మధ్యలో, కింద. తర్వాత గేజ్‌ని తొంభై డిగ్రీలు తిప్పి మళ్ళీ మూడు చోట్ల. షాచో అట్టముక్క మీద తన కొలతలు ముందే రాసుకుని బోర్లా పెట్టాడు. నాన్న చెప్పిన అంకెలు నేను రాశాక తిప్పి చూపించాడు. ఒక్క చోట తప్ప అన్నీ కలిశాయి. ఆ ఒక్క చోట మళ్ళీ కొలిస్తే తప్పు షాచోది. ఆయన నవ్వుతూ పెన్సిల్‌తో కొట్టేశాడు.

ఇక అక్కడి నుంచి నా అవసరం తగ్గిపోయింది.

పిస్టన్ సైజుతో మొదలైంది. ఒరిజినల్ బోరు 86 మిల్లీమీటర్లు. 86.5 దొరుకుతాయి, 87 దొరుకుతాయి. నా షీట్‌లో 87 ఉంది, కొంచెం సీసీ పెరుగుతుందని. షాచో రెండు వేళ్ళ మధ్య సందు చూపించి, బ్లాకు గోడ అనే అర్థంలో తట్టాడు. నాన్న వెంటనే, "చిన్న సైజే. ఇంకోసారి బోరు చేసుకునే వీలు ఉంచుకోవాలి. చివరి సైజుకి ఎవడైనా మొదటిసారే పోతాడా?" అన్నాడు. 86.5 ఖాయమైంది.

క్లియరెన్స్ దగ్గర గొడవ వచ్చింది. షాచో పిస్టన్‌కీ గోడకీ మధ్య 0.085 మిల్లీమీటర్లు అని రాశాడు. నాన్నది తౌ లెక్క, అంగుళంలో వెయ్యో వంతు. వేళ్ళ మీద లెక్కేసి, "మూడు తౌ పైన! ఇంత లూజు పెడితే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు టకటకా కొట్టుకోదూ?" అన్నాడు. తెలుగులోనే, షాచో మొహం చూస్తూ. నేను అనువాదం చేశా. కొట్టుకుంటుంది, వేడెక్కాక ఆగుతుంది అన్నాడు షాచో. కారణం పిస్టన్ లోహంలో ఉంది. కంపెనీ పిస్టన్లు పోత పోసినవి, సిలికాన్ ఎక్కువ ఉంటుంది, వేడికి తక్కువ వ్యాకోచిస్తాయి. ఎక్కువ బూస్ట్ తట్టుకోవడానికి వేసే ఫోర్జ్‌డ్ పిస్టన్లలో 2618 అనే రకానికి సిలికాన్ దాదాపు ఉండదు. దెబ్బ తగిలితే పగలదు, కానీ వేడికి బాగా ఉబ్బుతుంది. బిగుతుగా పెడితే పట్టేస్తుంది. 4032 అని ఇంకో రకం ఉంది. సిలికాన్ పన్నెండు శాతం దాకా ఉంటుంది కాబట్టి దగ్గర క్లియరెన్స్‌తో నడుస్తుంది, చప్పుడు తక్కువ, కానీ డిటొనేషన్ దెబ్బకి కొంచెం పెళుసు. అన్న కారు రోజూ ఆఫీసుకెళ్ళేది కాదు, అప్పుడప్పుడు ట్రాక్‌కి వెళ్ళేది. అందుకని 2618.

నాన్న నిజంగా ఆశ్చర్యపోయింది మాత్రం టార్క్ ప్లేటు చూసి. హోనింగ్ చేసేముందు షాచో బ్లాకు మీద అంగుళంన్నర మందం ఉన్న ఇనుప పలకని, హెడ్డు బిగించినంత టార్క్‌తోనే బిగించాడు. హెడ్ స్టడ్లు లాగినప్పుడు బోరు గుండ్రం తప్పుతుంది. పలక బిగించి హోన్ చేస్తే, రేపు హెడ్డు బిగించాక గుండ్రంగా ఉంటుంది. షాచో పలక వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి నాన్న చేత కొలిపించాడు. ముల్లు కదిలింది.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కంకిపాడాయన లారీ ఒకటి మూడుసార్లు తిరిగొచ్చింది. నూనె తాగుతోందని. మూడుసార్లూ గేజ్‌లో సరిగ్గానే ఉంది. డబ్బులు వెనక్కిచ్చేశా. అప్పటికి నువ్వు ఏడో క్లాసు" అన్నాడు. అదేనా కారణం అంటే ఎవరు చెప్పగలరు? కానీ తిరిగి ట్రైన్ ఎక్కేదాకా ఆ ముల్లు గురించే మాట్లాడాడు.

ఆటోనగర్ షాపులో రెండు మిషన్లని నాన్న కిందటేడాదే అమ్మేశాడని నాకు ఆ ట్రైన్లోనే తెలిసింది. ఇప్పుడొచ్చే ఇంజన్లకి బోరింగ్ కంటే సెట్టుకి సెట్టు మార్చడమే ఎక్కువైందట. "నీకు చెప్పి ఏం చేయాలి, దూరం నుంచి కంగారు పడతావ్" అన్నాడు. కవాసాకి స్టేషన్లో జనం ఎక్కారు, ఆ మాట అక్కడితో ఆగింది.

ఆ శనివారం సాయంత్రం అన్న తన ఫ్యామిలీ కారు సియెంటాలో మమ్మల్ని దైకొకు తీసుకెళ్ళాడు. దైకొకు పార్కింగ్ ఏరియా అంటే సముద్రంలో మట్టి పోసి కట్టిన దీవి మీద, ఎక్స్‌ప్రెస్‌వే మెలికల మధ్యలో ఉన్న రెస్ట్ స్టాప్. నడిచి వెళ్ళే దారే లేదు, కారులోనే వెళ్ళాలి. వారాంతాల్లో జపాన్‌లో ఉన్న వింత కార్లన్నీ అక్కడికొస్తాయి. సౌండు ఎక్కువైతే పోలీసులు మైకులో చెప్పి మూసేస్తారు. దాని పక్కనే యోకొహామా బే బ్రిడ్జి. అది తెరిచింది 1989లో, మొదటి ఆర్‌బీ26 కారు ఆర్32 వచ్చింది కూడా అదే ఏడాది.

ఒక ఆర్32 పక్కన నాన్న ఆగి చెవి పెట్టాడు. "ఒక సిలిండర్ సరిగ్గా కొట్టట్లేదు" అని తీర్పు చెప్పాడు. నేను భయపడుతూనే ఓనర్‌ని అడిగా. అతను గర్వంగా క్యామ్‌షాఫ్ట్ నంబరు చెప్పాడు. పెద్ద క్యామ్ వేస్తే ఐడిల్‌లో అలాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది. "ఓహో, కావాలని చెడగొట్టుకున్నాడా" అన్నాడు నాన్న. అన్న పగలబడి నవ్వాడు.

తర్వాత వెండింగ్ మెషిన్ దగ్గర వేడి కాఫీ క్యాన్లు పట్టుకుని నిలబడ్డాం. అన్న అడిగాడు, "బాబాయ్‌గారూ, 600 తీయొచ్చంటారా?"

"తీయొచ్చు బాబూ. ఎన్నాళ్ళు కావాలి?"

అన్న ఏం చెప్పలేదు.

"లారీ ఓనరు వచ్చి ఎక్కువ లాగాలి అంటాడు. ఎంత బరువు, ఏ రోడ్డు, ఎన్ని ట్రిప్పులు అని అడుగుతాం. నువ్వు ఏ రోడ్డు మీద తోల్తావో చెప్పు."

ఏడాదికి ఐదారుసార్లు ట్రాక్. మిగతాది ఈ వాంగన్ రోడ్డు, అది కూడా వదిన పక్కన కూర్చుంటే వందలోపే. కాసేపయ్యాక అన్నే అన్నాడు, "500 చాలు." చెప్తున్నప్పుడు కొంచెం బాధ కనిపించింది. అబద్ధమెందుకు, నాక్కూడా.

ఇంటికొచ్చి షీట్‌ని తలకిందులు చేశా. మొదటి లైను ఆయిల్ పంపు. గట్టి ఉక్కు దిమ్మ నుంచి కోసిన గేర్లున్నది. రెండోది క్రాంకు ముందుండే డ్యాంపర్, ఎందుకంటే పాతికేళ్ళ రబ్బరు బిగుసుకుపోయి అదురుని మింగడం మానేస్తుంది, ఆ అదురే పంపుని చంపేది. మూడోది ఆయిల్ సంప్. ఈ కారు నాలుగు చక్రాలకీ పవర్ ఇస్తుంది కాబట్టి ముందు డిఫరెన్షియల్ సంప్‌కే అతుక్కుని ఉంటుంది, యాక్సిల్ సంప్ లోంచే వెళ్తుంది. లోతు పెంచే వీల్లేదు. పక్కలకి రెక్కలు వెల్డ్ చేసి, లోపల అడ్డుపలకలు పెట్టాలి. నాలుగోది కేవలం ఒకటిన్నర మిల్లీమీటర్ల రంధ్రం. ఎక్కువ రెవ్స్ దగ్గర ఈ ఇంజన్లో ఆయిలంతా హెడ్డులోకి ఎక్కి, కిందకి అంత వేగంగా దిగలేక అక్కడే నిలిచిపోతుంది, కింద పంపు గాలి పీలుస్తుంది. అందుకే హెడ్డుకెళ్ళే రెండు దారుల్లో ఒకటి మూసేసి, రెండోదాన్ని సన్నం చేస్తారు. లిస్టు మొత్తంలో అన్నిటికన్నా చవకైన పార్టు అదే.

ఆ తర్వాతే పిస్టన్లు, ఫోర్జ్‌డ్ రాడ్లు, ఏఆర్‌పీ బోల్టులు, మెటల్ హెడ్ గ్యాస్కెట్. క్రాంకు సెకండ్ హ్యాండ్. షాచో మాగ్నెట్ టెస్ట్ చేసి పగుళ్ళు లేవని చెప్పాకే డబ్బులిచ్చాం. టర్బోలు మాత్రం తప్పలేదు. ఈ కారుతో వచ్చిన టర్బైన్ చక్రాలు సెరామిక్‌వి. తేలిగ్గా తిరుగుతాయి, కానీ బూస్ట్ బాగా పెంచితే ఊడి ముక్కలైపోతాయి. 600 కోసం కొన్న పెద్ద జతని అమ్మేసి, వాటి బదులు చిన్న స్టీల్ చక్రాల జత తీసుకున్నాం. చిన్న టర్బోతో పైన పవర్ తక్కువ, కానీ కింద నుంచే లాగుతుంది. ఇంజెక్టర్ల లెక్క నేనే చేశా. ఒక్కో హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 0.6 పౌండ్ల పెట్రోలు. 500 పీఎస్ అంటే ఫుల్ థ్రాటిల్ మీద గంటకి 180 లీటర్లు. ఆరు ఇంజెక్టర్లకి పంచి, 85 శాతం దాటకుండా ఉండాలంటే ఒక్కోటి నిమిషానికి 600 సీసీ దాకా పోయాలి. ఒరిజినల్‌వి 444. అన్న దగ్గరున్నవి సరిపోయాయి, డబ్బు మిగిలింది. బ్రాంజ్ చక్రాలు కూడా అమ్మేశాడు. మొత్తం 29 లక్షల 40 వేలు.

నేను సొంతంగా చేసిన పని ఒక్కటుంది. కొత్త ఈసీయూలో ఆయిల్ ప్రెషర్ పడిపోతే ఇంజన్ని దానంతటదే ఆపే సెట్టింగ్ ఉంటుంది. రెవ్స్ ఎంతుంటే ప్రెషర్ కనీసం ఎంతుండాలో పట్టిక రాసిపెట్టాలి. వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ అనేది పాత మెకానిక్‌ల లెక్క, దాని చుట్టూ పట్టిక రాశా. మేం సర్వర్లకి అలారాలు పెట్టినట్టే అర సెకను ఆలస్యం పెట్టా, మలుపుల్లో ఆయిల్ పక్కకి ఒరిగినప్పుడు తప్పుడు అలారం రాకుండా.

నాన్న దోసె తింటూ అడిగాడు, "అర సెకను ఎందుకు?"

చెప్పా.

"అది తప్పుడు అలారం ఎట్లా అవుద్దిరా? అప్పుడు నిజంగానే ఆయిల్ లేదు కదా."

లెక్కేసి చూశా. 7000 ఆర్‌పీఎం దగ్గర అర సెకను అంటే క్రాంకు 58 చుట్లు. ఆయిల్ లేకుండా 58 చుట్లు. 0.2కి తగ్గించా. మలుపులో అలారం వస్తే తప్పు పట్టికది కాదు, సంప్‌దని ఒప్పుకోవాలి.

నాన్నావాళ్ళు వెళ్ళిపోయిన ఐదు నెలలకి ఇంజన్ పూర్తయింది. మొదట స్పార్క్ ప్లగ్గులు తీసేసి, ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పాడు షాచో. తర్వాతే అసలు స్టార్ట్. చల్లగా ఉన్నప్పుడు నాన్న అన్నట్టే టకటకలాడింది. వేడెక్కాక ఆగింది. 20 నిమిషాలకి ఆయిల్ దింపేశారు. వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తిప్పాక డైనో మీద 503 పీఎస్ వచ్చింది. అన్న ఆ కాగితాన్ని వదినకి చూపిస్తే, "అంటే ఇంక అమ్మవన్నమాట" అందట.

పోయిన నెల మళ్ళీ ఫుజి స్పీడ్‌వే. నేను మళ్ళీ అదే గోడ దగ్గర, కానీ ఈసారి వీడియో తీయలేదు. ఎనిమిది రౌండ్లు తిరిగి లోపలికొచ్చాడు. మధ్యలో ఒకసారి, ఆఖరి మలుపులో, ఈసీయూ ఇంజన్ని కట్ చేసిందట. అన్న కొంచెం చిరాగ్గా ఉన్నాడు. లాగ్ తీసి చూస్తే ప్రెషర్ నిజంగానే 0.3 సెకన్లు పడిపోయింది.

నాన్నకి ఫోన్ చేశా. ఎంత స్పీడు వెళ్ళింది, పవర్ ఎంత అని అడుగుతాడనుకున్నా.

"వేడి మీద ఐడిల్‌లో ప్రెషర్ ఎంతుంది?"

"రెండు బార్ నాన్నా."

"గేజ్ ఫొటో పెట్టు. ఆ మలుపు దగ్గర పడిందన్నావే, సంప్‌లో ఎన్ని లీటర్లు పోశారో షాచోని కనుక్కో. ఇంకో అర లీటరు పట్టుద్దేమో."

ఫొటో పెట్టా. అర లీటరు సంగతి షాచోని అడిగితే, ఆయనా అదే అనుకుంటున్నానన్నాడు.